ఒడ్డు వదిలిన చూపు: సమకాలీన కళలో సముద్రం

సభాధ్యక్షులకు, కళాభిమానులకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

సముద్రం కళాకారులకు నిత్యప్రేరణ అని తేలిగ్గా అనేస్తాం. ఆ ప్రేరణ ఏమిటని ఎవరైనా నిలదీస్తే మాత్రం నీళ్ళు నములుతాం. నీలిమను చూసి మనసు పొంగడం, కెరటాలను చూసి బతుకులోని ఎత్తుపల్లాలు తలపుకు రావడం అందరికీ ఉన్నవే. వాటికోసం కళాకారుడు కావలసిన పని లేదు. అందుచేత ప్రేరణ అనే పెద్దమాటను కాసేపు పక్కన పెట్టి, ప్రతి కళాఖండం ముందూ ఒకే ఒక ప్రశ్న వేద్దామని నా ప్రయత్నం: దీన్ని చేసిన మనిషి సముద్రాన్ని ఎక్కడ నిలబడి చూశాడు? ఒడ్డునా, పడవలోనా, నీటి అడుగునా, రేవులో సరుకు దించే చోటా, ఆకాశంలోని ఉపగ్రహం నుంచా? 1960ల చివరి నుంచి ఇప్పటిదాకా వచ్చిన సముద్రకళను ఈ ప్రశ్నతో పరిశీలిస్తే, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు తోచే పనుల మధ్య ఒక దారి కనిపిస్తుంది. కళాకారులు ఒక్కొక్కరుగా ఒడ్డు వదిలి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారు, వెళ్ళి ఏం సాధించారు అన్నదే ఈ ప్రసంగం.

పాశ్చాత్య చిత్రకళలో చాలాకాలం పాటు సముద్రమంటే ఒడ్డు నుంచి కనిపించే దృశ్యమే, కాదంటే ఆ దృశ్యంలో మునిగిపోతున్న ఓడ. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1808-10 మధ్య వేసిన ఒక బొమ్మలో ఇసుకదిబ్బ మీద చిన్న సన్యాసి నిలబడి ఉంటాడు. ఆయన ఎదుట నల్లని సన్నటి పట్టీలా సముద్రం, మిగిలిందంతా ఆకాశం. ఈ బొమ్మను పరారుణ కిరణాలతో పరీక్షించినప్పుడు, ఫ్రీడ్రిష్ మొదట ఆ నీటి మీద ఓడలు గీసి, తర్వాత వాటిని తీసేశాడని తేలింది. ఆధునిక సముద్రచిత్రం ఆ తీసివేతతోనే మొదలైందని నేను అనుకుంటాను. ఓడ ఉంటే ఒక కథ ఉంటుంది, ఆ కథకో ముగింపు ఉంటుంది. ఓడ పోయాక చూసే మనిషి, ఆ మనిషి కొలతకు అందని నీరు మాత్రమే మిగులుతాయి. జపాన్‌లో చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో అచ్చు వేసిన కనగావా కెరటం దీనికి ఎదురుదారి పట్టింది. అక్కడ మన చూపు ఒడ్డు మీద లేదు. తెడ్లు పట్టినవాళ్ళు ముందుకు వంగిపోయిన మూడు పడవల మట్టంలో, విరగబోయే అల కింద ఉంది. ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తయిన ఫుజి పర్వతం ఆ అల వెనక వేలెడంత అయిపోయింది. ఐరోపా ఆ బొమ్మను మెచ్చుకుంది, అనుకరించింది, గోడలకు తగిలించుకుంది. ఆ పడవలోకి దిగడానికి మాత్రం ఇంకో నూరేళ్ళకు పైగా పట్టింది.

ముందుగా, ఒడ్డున నిలబడే ఒడ్డును చెరిపేసిన ఇద్దరి సంగతి చెప్పాలి.

హిరోషి సుగిమోటో 1948లో టోక్యోలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ ఫోటోగ్రాఫర్. 1980లో జమైకా తీరాన కరీబియన్ సముద్రాన్ని ఫోటో తీయడంతో ఆయన సముద్రచిత్రాల వరుస మొదలై, దశాబ్దాల పాటు ప్రపంచంలోని అనేక సముద్రాల మీదుగా సాగింది. అన్నిటికీ నియమం ఒకటే. పెద్ద ఫిల్ము పలక పట్టే పాతకాలపు కెమెరా, నలుపు తెలుపు, ఫ్రేమును సరిగ్గా సగానికి చీల్చే దిగంతరేఖ. పైసగం గాలి, కిందిసగం నీరు. ఓడ ఉండదు, పక్షి ఉండదు, రాయి ఉండదు, తీసినవాడి కాలికింది నేల కూడా ఉండదు. ఏ సముద్రం, ఏ తీరం అన్నది శీర్షికలో మాత్రమే ఉంటుంది. దాన్ని మూసేస్తే ఆర్కిటిక్ జలాలేవో, మధ్యధరా ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆదిమానవుడు చూసిన దృశ్యాన్ని ఉన్నదున్నట్టుగా ఈనాటి మనిషి చూడగలడా అన్న ప్రశ్నతో తాను ఈ పని మొదలుపెట్టానని సుగిమోటో చెప్పుకున్నాడు. నేల మీద కొండలూ అడవులూ రూపం మార్చుకున్నాయి కాబట్టి, మారకుండా మిగిలిన దృశ్యం సముద్రమే అయి ఉండాలన్నది ఆయన ఆలోచన.

ఆ ఫోటోల ముందు నేను చాలాసేపు నిలబడగలను గాని, ఆ వాదనను పూర్తిగా ఒప్పుకోలేను. మనిషి గాలిలోకి వదులుతున్న కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2 ఉన్న ఉపరితల జలాల పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత, అది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) ఇప్పుడు 8.1 దగ్గరికి దిగింది. వినడానికి చిన్న తేడా. కాని ఆ కొలమానం లెక్క ప్రకారం ఇది ఆమ్లత్వంలో పాతిక శాతానికి పైబడిన పెరుగుదల. గుల్లలూ పగడాలూ తమ గూడు కట్టుకోవడానికి పడే పాటు ఆ మేరకు పెరిగింది. అంటే ఆదిమానవుడి కంటికి కనిపించిన రూపం అలాగే ఉండవచ్చు, పదార్థం మాత్రం అలాగే లేదు. ఒడ్డున నిలబడి చూసే చూపుకు ఉన్న హద్దు సుగిమోటో ఫోటోల్లో ఎంత అందంగా ఉంటుందో అంత స్పష్టంగానూ బయటపడుతుంది: నీటికి ఏమైందో నీటి పైభాగం మనకు చెప్పదు.

రెండో వ్యక్తి వియా సెల్మిన్స్. 1938లో లాత్వియా రాజధాని రీగాలో పుట్టి, యుద్ధకాలంలో కుటుంబంతో జర్మనీకి పారిపోయి, పదేళ్ళ వయసుకు అమెరికా చేరిన చిత్రకారిణి. 1968లో ఆమె కాలిఫోర్నియాలోని వెనిస్ బీచ్ దగ్గర సముద్రంలోకి కట్టిన వంతెన మీద నుంచి కింది నీటిని ఫోటోలు తీసి, వాటిని చూసి పెన్సిలుతో గీయడం మొదలుపెట్టింది. ఇక్కడ దిగంతరేఖ కూడా లేదు. చూపు సూటిగా ముందుకు కాక ఏటవాలుగా కిందికి వాలి ఉంది కాబట్టి కాగితం నాలుగు అంచుల దాకా అలల ముడతలే. 1970 నాటి ఒక బొమ్మ సుమారు 14 అంగుళాల ఎత్తు, 19 అంగుళాల వెడల్పు ఉంటుంది. సముద్రానికి కేటాయించిన స్థలం అంతే. దగ్గరికి వెళ్ళి చూస్తే మీకు నీరు కనిపించదు. ఆక్రిలిక్ పూత పూసి నున్నగా చేసిన కాగితం మీద, నొక్కిపట్టి గీసిన చోట నల్లగా, తేలిగ్గా తాకించిన చోట బూడిదగా, అసలు తాకకుండా వదిలిన చోట తెల్లగా ఉన్న పెన్సిలు గుర్తులు మాత్రమే కనిపిస్తాయి. రెండడుగులు వెనక్కి వస్తే అదే నీరై కదులుతుంది. ఒక క్షణంలో కెమెరా పట్టిన అలను చెయ్యి ఎన్నో వారాల పాటు తిరిగి కట్టుకుంటూ వచ్చింది. సెల్మిన్స్ బొమ్మల్లో ఉప్పొంగే భావం ఏదీ లేదని కొందరు పెదవి విరుస్తారు. నా దృష్టిలో వాటి గొప్పతనం అదే. సముద్రాన్ని చూసి చలించిపోయానని చెప్పుకోవడం కంటే, దాని ప్రతి ముడతనూ సమానమైన శ్రద్ధతో చూడటం చాలా కష్టమైన పని.

ఇక నిజంగానే పడవ ఎక్కినవాళ్ళ దగ్గరికి వద్దాం. నెదర్లాండ్స్‌లో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో పని చేసిన బాస్ యాన్ ఆడెర్ 1975 జులై 9న అమెరికా తూర్పుతీరంలోని కేప్ కాడ్ నుంచి పన్నెండడుగుల పైచిలుకు పొడవున్న తెరచాప పడవలో ఒంటరిగా ఇంగ్లండుకు బయలుదేరాడు. ఆ ప్రయాణమే ఆయన కళాకృతిలోని ఒక భాగం. మూడు వారాల తర్వాత సంబంధాలు తెగిపోయాయి. 1976 ఏప్రిల్‌లో సగం మునిగి తేలుతున్న పడవ ఐర్లండు తీరానికి దూరంగా ఒక స్పెయిన్ చేపల ఓడ కంటపడింది, మనిషి జాడ దొరకలేదు. ఆ తర్వాత ఈ ఉదంతం చుట్టూ పెరిగిన ఆరాధన నాకు ఇబ్బందిగా ఉంటుంది. మరణం ఒక కళాకృతిని సంపూర్ణం చేసిందనే మాట గ్యాలరీలో వినడానికి బాగుంటుంది. నీళ్ళలో ఉన్న మనిషికి అది వర్తించదు.

టాసిటా డీన్ ఈ విషయాన్ని చాలా వివేకంతో పట్టుకున్న కళాకారిణి. ఆమెను కదిలించిన కథ డొనాల్డ్ క్రౌహర్‌స్ట్‌ది. 1968లో, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టి రావాలన్న తెరచాప పడవల పందెంలో చేరి, తన పడవ అందుకు తట్టుకోదని గ్రహించి, అట్లాంటిక్‌లోనే తిరుగుతూ తప్పుడు ఆచూకీ పంపించిన మనిషి ఆయన. 1969 జులైలో పడవ ఖాళీగా దొరికింది. డీన్ ఆయన ముఖాన్ని గాని, తుపాను దృశ్యాన్ని గాని చూపించలేదు. 1996లో చేసిన సినిమాలో ఒక దీపస్తంభంలోని దీపం తిరుగుతూ ఉంటుంది, వెలుతురు తగ్గుతూ ఉంటుంది, చివరికి చీకట్లో ఆ కిరణం నీటి మీద పాకుతుంది. దారితప్పినవాడికి ఒడ్డు ఏ దిక్కున ఉందో చెప్పడానికి కట్టిన దీపాన్నే, ఒడ్డుకు ఇక చేరనివాడి గురించి చెప్పడానికి ఆమె వాడుకుంది.

ఆమెదే 2001 నాటి రెండున్నర నిమిషాల చిన్న సినిమా ఒకటి ఉంది. సూర్యుడు సముద్రంలోకి దిగిపోయే చిట్టచివరి క్షణంలో, వాతావరణం వెలుతురును వంచే తీరు రంగురంగుకూ కాస్త వేరుగా ఉండటం వల్ల, ఎరుపు ముందే అస్తమించి, నీలం గాలిలో చెదిరిపోయి, ఒకటి రెండు సెకన్ల పాటు పచ్చని మెరుపు మిగులుతుంది. అందుకు గాలి నిర్మలంగా, దిగంతం స్పష్టంగా ఉండాలి. మడగాస్కర్ తీరాన డీన్ దానికోసం పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాతో కాపు కాసింది. పక్కనే మరో ఇద్దరు డిజిటల్ వీడియో తీస్తున్నారు. వాళ్ళు తమ వీడియోను అక్కడికక్కడే తిప్పి చూసుకుని, పచ్చకిరణం రాలేదని తేల్చేశారు. డీన్ ఫిల్మును తర్వాత కడిగించి చూస్తే అందులో పచ్చదనం ఉంది. కాని ఏ ఒక్క ఫ్రేమునూ ఆపి ఇదిగో అని చూపించలేం, సినిమా నడుస్తున్నప్పుడు మాత్రమే అది కనిపిస్తుంది. మెరుపు కంటే దాని మీద వచ్చిన తగవే నాకు ఇందులో ఎక్కువ ఆసక్తికరం. ఒకే తీరం, ఒకే సాయంత్రం, ఒకే సూర్యుడు. ఎవరు ఏం చూశారన్నది వాళ్ళు చేతిలో పట్టుకున్న పనిముట్టు తేల్చింది.

సముద్రాన్ని చూడటం మానేసి, దానికే పని అప్పగించిన మరో వర్గం ఉంది. ఆనా మెండియెటా క్యూబాలో పుట్టి, పన్నెండేళ్ళ వయసులో తల్లిదండ్రులు లేకుండా సముద్రం దాటి అమెరికాకు పంపబడిన పిల్ల. 1976లో మెక్సికోలోని లా వెంటోసా తీరాన ఆమె తన శరీరాకృతిని తడి ఇసుకలో పల్లంగా తీర్చి, ఎర్రరంగుతో నింపి, అలలు వచ్చి దాన్ని కొంచెం కొంచెంగా చెరిపేయడాన్ని వరుస ఫోటోలుగా తీసింది. మొదటి ఫోటోలో నిండుగా ఉన్న ఎరుపు తర్వాతి ఫోటోల్లో అంచులు కరిగి, నీళ్ళు నిలిచి, చివరికి ఇసుకలో ఒక మరకగా మిగులుతుంది. తనను పుట్టిన నేల నుంచి విడదీసిన సముద్రం చేతనే ఆ పని చేయించడంలో ఉన్న బరువును వివరించి చెప్పనక్కర్లేదు.

ఆంటొనీ గోర్మ్‌లీ తన శరీరం నుంచే అచ్చులు తీసి పోత పోయించిన 100 ఇనుప విగ్రహాలు 2005 నుంచి ఇంగ్లండులోని క్రాస్‌బీ తీరంలో సుమారు మూడు కిలోమీటర్ల పొడవునా సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. పోటు వేళ దూరంగా ఉన్నవి పూర్తిగా మునిగిపోతాయి, పాటు వేళ మళ్ళీ బయటపడతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ వాటి నడుముల దాకా రాళ్ళకు అంటుకునే గుల్లజీవులు పట్టాయి, ముఖాలు తుప్పుకు అరిగాయి. ఒకే అచ్చులోవి అయినా ఒడ్డుకు దగ్గరగా ఉన్న విగ్రహమూ దూరంగా ఉన్న విగ్రహమూ ఇప్పుడు ఒకటి కావు. ఎంత నీరు ఎంతసేపు తాకింది అన్నదాన్ని బట్టి వేరుపడ్డాయి. క్రొయేషియాలోని జాదర్ పట్టణంలో వాస్తుశిల్పి నికోలా బాషిచ్ అదే 2005లో రేవుగట్టు మెట్ల కింద 35 గొట్టాలు అమర్చాడు. అల వచ్చి గాలిని లోపలికి నెట్టినప్పుడల్లా గట్టు పాడుతుంది. ఆటుపోట్ల బట్టి, గాలి బట్టి స్వరం మారిపోతుంది.

నీటి అడుగుకు దిగినవారిలో జేసన్ డికెయిర్స్ టేలర్ పేరు ప్రఖ్యాతమైనది. 2006లో గ్రెనడా దీవి దగ్గర మొలినియేర్ అఖాతంలో, ఆ తర్వాత మెక్సికోలోని కాంకూన్ దగ్గర, 2016 నుంచి స్పెయిన్‌కు చెందిన లాంజరోట్ దీవి దగ్గర ఆయన మనుషుల ఆకారంలో శిల్పాలు పోసి సముద్రగర్భంలో నిలిపాడు. పగడాలు పట్టుకుని పెరగడానికి వీలుగా పీహెచ్ తటస్థంగా ఉండే ప్రత్యేకమైన సిమెంటు వాడటం, సహజమైన పగడపు దిబ్బల మీద పర్యాటకుల ఒత్తిడిని తగ్గించి వాళ్ళను ఇటు మళ్ళించడం ఈ పనిలోని ఆచరణాత్మకమైన భాగం. శిల్పాలుగా వాటిలో చాలావాటిని నేను అంతగా మెచ్చను. నీటి పైకి తెస్తే మామూలు బొమ్మలే. నీటి అడుగున మాత్రం నాచు కళ్ళను మూస్తుంది, స్పాంజిజీవులు పెదవుల్ని కప్పేస్తాయి, శిల్పి ఊహించని ముఖం తయారవుతుంది. గ్రెనడాలో ఆయన చేతులు పట్టుకుని వలయంగా నిలిచిన పిల్లల బొమ్మలు పెట్టినప్పుడు, ఓడల మీద నుంచి సముద్రంలోకి తోసేసిన ఆఫ్రికా బానిసలకు అది స్మారకమని ఎంతోమంది చూసేవాళ్ళు అర్థం చేసుకున్నారు. తన ఉద్దేశం అది కాదని శిల్పి చెప్పినా ఆ అర్థం చెరిగిపోలేదు. అది ఏ సముద్రంలో నిలబడి ఉందో ఆ సముద్రపు చరిత్ర కూడా శిల్పంలోకి ఇంకింది.

ఆ చరిత్ర ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చాలు. 1781లో జోంగ్ అనే ఓడ సిబ్బంది, మంచినీళ్ళు సరిపోవన్న సాకుతో, 130 మందికి పైగా బానిసలను బతికుండగానే అట్లాంటిక్‌లోకి విసిరేశారు. యజమానులు దాన్ని సరుకు నష్టంగా చూపి బీమా సొమ్ము కోసం కోర్టుకెక్కారు. 1840లో ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ వేసిన బానిస ఓడ చిత్రాన్ని ఈ ఘటనతో కలిపి చెప్పుకోవడం పరిపాటి. అందులో ఆకాశం మండుతూ ఉంటుంది, నీరు కాగుతూ ఉంటుంది, గొలుసులతో ఉన్న ఒక కాలు ముందుభాగంలో పైకి తేలి ఉంటుంది. రంగుల వైభవానికి మైమరచిన కన్ను ఆ కాలిని గమనించడానికి కొంతసేపు పడుతుంది.

అక్రాలో పుట్టి లండన్‌లో పెరిగిన జాన్ అకోంఫ్రా 2015లో వెనిస్ బినాలేలో, అంటే ఇటలీలోని వెనిస్ నగరంలో రెండేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శనలో, ప్రదర్శించిన మూడు తెరల వీడియో కృతి ఈ చిక్కునే ఎత్తుకుంటుంది. దాని నిడివి 48 నిమిషాలు. ఒక తెర మీద బీబీసీ ప్రకృతి విభాగం తీసిన మహాద్భుతమైన సముద్రదృశ్యాలు, మరో తెర మీద తిమింగలాన్ని ఈటెతో పొడిచి ఓడ పక్కకు లాగే పాత నలుపు తెలుపు చిత్రాలు, ఇంకో తెర మీద 18వ శతాబ్దపు దుస్తుల్లో కొండ అంచున నిలబడి సముద్రం వైపు చూసే ఒక నల్లజాతి పురుషుడు. ఆయన ఒలౌడా ఎక్వియానో. తాను బానిసత్వం నుంచి బయటపడి, జోంగ్ ఓడలో జరిగిన దాన్ని ఇంగ్లండులోని బానిసత్వ వ్యతిరేకుల దృష్టికి తెచ్చిన మనిషి. మూడు తెరల్ని ఒకేసారి చూడటం ఎవరికీ సాధ్యం కాదు. ఎటు తల తిప్పినా మిగిలిన రెండూ కొంతైనా తప్పిపోతాయి. అందం మీద కన్ను నిలిపితే హత్య తప్పిపోతుంది, హత్య మీద నిలిపితే పక్కనే చేపల గుంపు వెండిలా తళుక్కుమంటుంది. ఫ్రీడ్రిష్ సన్యాసి నిలబడిన చోటే ఎక్వియానో నిలబడ్డాడు, కాని ఆయన చూస్తున్నది అనంతాన్ని కాదు, తెలిసిన శవాలున్న చోటును.

సముద్రం పని చేసే చోటు కూడా. ఈ సంగతి చెప్పిన కళాకారులు తక్కువ, వాళ్ళలో ఆలన్ సెకులాది మొదటి పేరు. 1989 నుంచి 1995 వరకూ ఆయన ప్రపంచంలోని రేవుల్లో తిరిగి తీసిన వందకు పైగా ఫోటోలనూ వాటి పక్కన రాసిన వ్యాసాలనూ కలిపి ఒక పెద్ద ప్రదర్శనగా, పుస్తకంగా తెచ్చాడు. అంతా కంప్యూటర్లలో, తీగల్లో, గాలిలో నడుస్తోందని అందరూ అంటున్న రోజుల్లో, వస్తువులు ఇంకా బరువైన ఇనుప ఓడల మీద నిదానంగా నీటి మీదే ప్రయాణిస్తున్నాయని ఆయన గుర్తుచేశాడు. ఈనాటికీ పరిమాణం లెక్కన ప్రపంచ వాణిజ్యంలో దాదాపు 80 శాతం సముద్రం మీదే సాగుతుంది. 1956లో 58 కంటెయినర్లతో ఐడియల్ ఎక్స్ అనే ఓడ నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు వెళ్ళిన నాటి నుంచి రేవులో కళాసీల అవసరం తగ్గిపోతూ వచ్చింది. పెట్టెలో ఏముందో తెలియదు, దాన్ని ఎవరు నింపారో తెలియదు. సెకులా ఫోటోల్లో ఒకటి, మూతపడి రెండేళ్ళయిన లాస్ ఏంజెలెస్ రేవులోని ఓడల కర్మాగారంలో ఒక వెల్డరు పని చేసిన గది. ఆ ఫోటోలో చుక్క నీరు లేదు. అయినా సముద్రాన్ని గురించిన ఫోటోల్లో దానికి నేను పెద్దపీట వేస్తాను.

ముంబయికి చెందిన క్యాంప్ అనే కళాకారుల బృందం 2013లో పూర్తిచేసిన సినిమా ఇంకో అడుగు ముందుకు వేసింది. కచ్ అఖాతపు నావికులు చెక్క ఓడల్లో షార్జాకూ సోమాలియా తీరానికీ సరుకు మోసుకెళ్ళేటప్పుడు తమ సెల్‌ఫోన్లలో తీసుకుని, ఇష్టమైన పాటలు జోడించి ఒకరికొకరు పంచుకున్న వీడియోలు ఇందులో ప్రధానమైన పదార్థం. ఇక్కడ సముద్రాన్ని చూస్తున్నది బయటి నుంచి వచ్చిన కళాకారుడు కాదు, అక్కడ పని చేస్తున్న సరంగులూ కళాసీలూ. వాళ్ళ వీడియోల్లో సముద్రం గంభీరంగా ఉండదు. పాట వినిపిస్తుంటుంది, పక్క ఓడ ఊగుతుంటుంది, తీరిక వేళ ఎవరో నవ్వుతుంటారు.

ఇప్పుడు 2019 నాటి వెనిస్‌కు వెళ్దాం. ఆ ఒక్క బినాలేలో సముద్రం ఎన్ని రూపాల్లో వచ్చిందో గమనిస్తే, ఈ కళ బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి. లిథువేనియా తరఫున ముగ్గురు స్త్రీలు, రుగిలే బార్జ్‌జుకైతె, వైవా గ్రైనీతె, లీనా లాపెలీతె కలిసి చేసిన సంగీతరూపకానికి ఆ ఏడు దేశాల విభాగంలో అత్యున్నత పురస్కారమైన స్వర్ణసింహం వచ్చింది. ఒక గోదాములో ఇసుక పోసి, స్నానపు దుస్తుల్లో మనుషుల్ని తువ్వాళ్ళ మీద పడుకోబెట్టారు. వాళ్ళు ఎండ గురించీ, సెలవుల గురించీ, విమానం ఆలస్యం గురించీ బద్ధకంగా పాడుతుంటారు, మనం పై అంతస్తు కటకటాల దగ్గర నుంచి కిందికి చూస్తాం. సముద్రం మాత్రం ఎక్కడా లేదు. వేడెక్కుతున్న భూమి గురించి ఎవరూ గట్టిగా చెప్పరు, ఆ మాట అలసటలా గొంతుల్లోకి వస్తుంది. అదే బినాలేలో మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ అక్కచెల్లెళ్ళు 2005లో ప్రారంభించిన ఊలు పగడపు దిబ్బలూ ఉన్నాయి. క్రోషే అల్లికలో ప్రతి వరుసకూ ఒక నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోతే అంచు చదునుగా ఉండలేక ముడతలు తిరుగుతుంది. అతిపరావలయ జ్యామితి అని గణితవేత్తలు చెప్పే ఆ తలాన్ని 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమినా అల్లి చూపించింది. పగడాలూ కొన్ని సముద్రజీవులూ పెరిగే పద్ధతి అదే కాబట్టి, అనేక దేశాల్లో వేలమంది చేతుల్లో ఊలు పగడమైంది. ఇందులో ప్లాస్టిక్ చెత్తతో అల్లిన దిబ్బలు కూడా ఉన్నాయి. ఆడవాళ్ళ కాలక్షేపమని ఇన్నాళ్ళూ పక్కన పెట్టిన పనితనం, పాఠ్యపుస్తకం చూపలేకపోయిన ఆకారాన్ని చేతికి అందించింది.

అక్కడే పాత నౌకాశ్రయపు గట్టు మీద క్రిస్టోఫ్ బ్యూకెల్ ఒక నిజమైన ఓడను నిలబెట్టాడు. 2015 ఏప్రిల్ 18న లిబియా నుంచి ఇటలీ వైపు వస్తూ మునిగి, వందలమందిని పొట్టన పెట్టుకున్న చేపల ఓడ అది. బతికి బయటపడినవాళ్ళు 28 మంది. మరుసటి ఏడాది ఇటలీ నౌకాదళం దాన్ని పైకి తీసింది. పక్కన వివరాల పలక ఏదీ లేదు. దగ్గరే కాఫీ అమ్మే చోటు ఉంది కాబట్టి జనం కప్పులు పట్టుకుని దాని ముందు ఫోటోలు దిగారు. ఆ ఉదాసీనతను బయటపెట్టడమే కళాకారుడి ఉద్దేశమని సమర్థించినవారు ఉన్నారు. నేను ఆ పక్షాన లేను. పేర్లు లేని మృతుల ఓడను, పేరు కూడా చెప్పకుండా నిలబెట్టడం వాళ్ళను రెండోసారి సరుకుగా మార్చడమే. ఆ ఏడు నవంబర్ 12న పోటునీరు 187 సెంటీమీటర్లకు లేచి, 1966 తర్వాత ఎన్నడూ లేనంతగా వెనిస్‌ను ముంచెత్తింది. మర్నాడు బినాలే ద్వారాలు మూసేశారు.

దీనికి ఎదురుగా నేను పెట్టదలచిన చివరి ఉదాహరణ, చార్ల్స్ హెలర్, లొరెంజో పెజ్జానీ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో చేసిన వీడియో. 2011లో లిబియా యుద్ధం జరుగుతున్నప్పుడు 72 మందితో బయలుదేరిన రబ్బరు పడవ ఇంధనం అయిపోయి 14 రోజులు మధ్యధరాలో కొట్టుకుపోయింది. 63 మంది చనిపోయారు. ఆ సమయంలో ఆ జలాలు ఖాళీగా లేవు, యుద్ధనౌకలతోనూ నిఘావిమానాలతోనూ నిండి ఉన్నాయి. వీడియోలో మనకు ఒక్క శవం కనిపించదు, ఒక్క ఏడుపు వినిపించదు. నల్లని తెర మీద సముద్రపు పటం ఉంటుంది. ఉపగ్రహ ఫోనులో సహాయం కోరినప్పుడు నమోదైన స్థానం ఒక చుక్క. గాలినీ ప్రవాహాలనూ లెక్కకట్టి తేల్చిన పడవ దారి ఒక గీత. రాడార్ ఉపగ్రహం తీసిన చిత్రంలో చుట్టుపక్కల పెద్ద ఓడలు మెరిసే బిందువులు. బతికినవాళ్ళ వాంగ్మూలాలను ఈ బిందువులతో సరిపోల్చి, ఎవరు ఎంత దూరంలో ఉండి కూడా రాలేదన్న ప్రశ్నను గీతలుగా గీశారు. ఈ పరిశోధన ఆధారంగా ఐరోపాలో ఒకటికి మించిన దేశాల్లో ఫిర్యాదులు దాఖలయ్యాయి.

ఇది కళ ఎలా అవుతుంది, పోలీసు నివేదిక కదా అని నన్ను చాలామంది అడిగారు. రాడార్ ఉపగ్రహానికి సముద్రం ఒక గరుకు ఉపరితలం, దాని మీద ఇనుము మాత్రమే గట్టిగా మెరుస్తుంది. చెక్క, రబ్బరు, మనిషి శరీరం కనిపించవు. కనిపించని ఆ పడవను, కనిపించే ఓడల మధ్య ఖాళీని చదివి పటం మీదికి తేవడంలో, సెల్మిన్స్ పెన్సిలు తాకకుండా వదిలిన తెలుపుకు ఉన్నంత చూపు ఉంది. న్యాయస్థానం దీన్ని సాక్ష్యంగా ఒక ప్రమాణంతో తూస్తుంది, మ్యూజియం మరో ప్రమాణంతో తూస్తుంది. రెండు చోట్లా నిలబడవలసి రావడం వల్ల ఇందులో ఒక్క గీత కూడా అలంకారం కోసం గీసే వీలు లేకపోయింది. ఇక మీ ప్రశ్నలు, అభ్యంతరాలు వినడానికి సిద్ధంగా ఉన్నాను. ముఖ్యంగా వెనిస్ ఓడ విషయంలో నాతో విభేదించేవాళ్ళు ముందుగా మాట్లాడితే సంతోషిస్తాను.